దోర్నకల్ బిషప్పు అజరయ్యగారు

మన పులికాట్ సరస్సు పటములో రెండు రాష్ట్రములకు చెందియున్నది. పెద్దభాగము మన తిరుపతి జిల్లాలోను, దక్షిణపు కొస తమిళనాటిలోను ఉన్నవి. దాని తీరమునందలి పల్లెలలో ఒక యింట తెలుగు, ప్రక్కయింట తమిళము వినవచ్చును. మన పాఠశాలలోను ఈ రెండు భాషల బిడ్డలు ఒకే బల్లపై కూర్చుండి చదువుచున్నారు. ఇట్టి సీమలో వసించు మనకు, తమిళదేశమున పుట్టి, నడివయసున తెలుగు నేర్చుకొని, తెలుగువారి కాపరియై, వారి నడుమనే కన్నుమూసిన ఒక మహనీయుని చరిత్ర తెలిసికొనుట మిక్కిలి తగియున్నది. ఆయనయే వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు. ఆంగ్లికన్ సంఘమున బిషప్పు పదవి పొందిన మొదటి భారతీయులు వీరే.

బిషప్పు అనగా నెవరు?

మన విద్యార్థులలో లూథరన్ సంఘమువారును, బాప్టిస్టు సంఘమువారును, ఇతర మతములవారును కలరు. కావున ముందుగా ఈ పదవిని గూర్చి నాలుగు మాటలు చెప్పుట యవసరము. ఇంగ్లాండు దేశపు సంఘమును, దానినుండి పుట్టిన సంఘములును ఆంగ్లికన్ సంఘములనబడును. వానిలో సేవకులు మూడు తరగతులుగా నుందురు. మొదటివారు డీకనులు, రెండవవారు గురువులు, మూడవవారు బిషప్పులు. బిషప్పు అను మాటకు మూలమైన గ్రీకు పదమునకు పైనుండి కనిపెట్టి చూచువాడని యర్థము. మన తెలుగు బైబిలులో దానిని అధ్యక్షుడని తర్జుమా చేసిరి. అందువలననే బిషప్పు పాలనలోని ప్రాంతమునకు అధ్యక్షఖండమను పేరు వచ్చినది. గురువులకు పట్టమిచ్చుట, హస్తనిక్షేపణముచేత సభ్యులను విశ్వాసమునందు స్థిరపఱచుట, సంఘముల తగవులు తీర్చుట, ఉపాధ్యాయులను నియమించుట మొదలగునవి ఆయన పనులు. బిషప్పు చెప్పినచోటికి గురువు పోవలెను. ఆ గురువు తెల్లవాడైనను సరే, నల్లవాడైనను సరే. ఈ సంగతిని చదువరులు జ్ఞాపకముంచుకొనవలెను. అజరయ్యగారి చరిత్రలోని చిక్కంతయు ఇందులోనే యున్నది.

బాల్యము, విద్య

అజరయ్యగారు 1874వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీన తిరునెల్వేలి జిల్లాలోని వెల్లాలన్‌విళై యను పల్లెలో జన్మించిరి. తండ్రి తోమా వేదనాయకముగారు ఆ పల్లె సంఘమునకు గురువు. తల్లి ఎల్లెనమ్మగారు. వారి కుటుంబము నాడారు కులమునకు చెందినది. ఆ కాలమున ఆ కులమువారు పైకులములచేత చిన్నచూపు చూడబడుచుండిరి. తల్లిదండ్రులు చాలకాలము ప్రార్థించిన పిమ్మట ఈ కుమారుడు కలుగుటచేత, హన్నా కుమారుని పేరు జ్ఞాపకము చేసికొని శామ్యూల్ అని పేరిడిరి. తండ్రి వీరి చిన్నతనముననే గతించిరి. బిడ్డను పెంచుభారము తల్లిపై పడెను.

వీరు మిషను పాఠశాలలలో చదివిరి. అక్కడ క్రైస్తవ బాలురు సయితము కులమును బట్టి వేఱుగా మెలగుచుండుట చూచి, ఆ భేదమును మాన్పుటకై తోటి విద్యార్థులతో కలిసి ఒక సమాజమును స్థాపించిరి. తరువాత మద్రాసు క్రైస్తవ కళాశాలలో చేరి గణితశాస్త్రము నభ్యసించిరి. గాని పట్టపరీక్షకు కూర్చుండవలసిన సమయమున జబ్బుపడిరి. కావున బి. ఏ. పట్టము వారికి లభింపలేదు. పరీక్షాఫలితములు వచ్చిన దినమున తలవంచుకొని గోడప్రక్కన నిలుచు బాలురను మేము ప్రతి సంవత్సరము చూచుచున్నాము. పట్టములేని ఈ అజరయ్యగారికే 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము గౌరవ డాక్టరు బిరుదము నిచ్చెనని వారు తెలిసికొందురుగాక. చదువు అక్కఱలేదని మేము చెప్పుటలేదు. ఒక పరీక్ష జీవితమంతయు కాదని మాత్రము చెప్పుచున్నాము.

మన ధనము, మన శ్రమ

1895 మొదలు 1909 వఱకు అజరయ్యగారు దక్షిణహిందూదేశమున వై. ఎం. సి. ఏ. సంస్థకు కార్యదర్శిగా పనిచేసిరి. ఆ పనిలోనే షెర్వుడ్ ఎడ్డీ యను అమెరికా దేశస్థునితో వారికి గాఢమైన స్నేహము కుదిరెను. 1898లో అన్బు మరియమ్మాళ్ అను విద్యావంతురాలిని వివాహమాడిరి. దక్షిణహిందూదేశమున కళాశాలలో చదివిన మొదటి క్రైస్తవ స్త్రీలలో ఈమె యొకరు. తరువాతి కాలమున దోర్నకల్ స్త్రీలకును బాలికలకును ఈమె చేసిన సేవ భర్త సేవకు తీసిపోవునది కాదు.

1902లో అజరయ్యగారు సింహళమునందలి జాఫ్నాకు పోయిరి. అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంతధనముతో సముద్రమునకు ఇవతలి తీరమునకు సువార్తికులను పంపుచుండుట చూచి వారి మనస్సు కదిలెను. తిరునెల్వేలిలో వేలకొలది క్రైస్తవులుండియు, సువార్తపని పరదేశి మిషనరీలదే యని చేతులు కట్టుకొని కూర్చుండుట వారికి సిగ్గుగా తోచెను. ఆ సిగ్గు మాటలతో తీరిపోలేదు. 1903 ఫిబ్రవరి 12వ తేదీన తిరునెల్వేలి భారత మిషనరీ సంఘము స్థాపింపబడెను. భారతీయుల ధనము, భారతీయుల శ్రమ, భారతీయుల నిర్వహణము - ఈ మూడే దాని నియమములు. 1905 క్రిస్మసు దినమున సేరంపూరులో జాతీయ మిషనరీ సంఘము పుట్టెను. అజరయ్యగారు దానికి ప్రథమ కార్యదర్శులైరి.

తిరునెల్వేలి సంఘమువారు తమ పనికై యెన్నుకొనిన స్థలము నైజాము రాజ్యమునందలి దోర్నకల్. నేడది తెలంగాణ రాష్ట్రమున మహబూబాబాదు జిల్లాలో నున్నది. కాజీపేట నుండి విజయవాడకు పోవు రైలుమార్గమున, సింగరేణి బొగ్గుగనుల వైపు చీలిక దారి బయలుదేరు జంక్షను అది. చుట్టును మాల మాదిగ పల్లెలు; చదువు లేదు, వైద్యము లేదు. తిరునెల్వేలి వారికి ఆ యెండయు క్రొత్తయే, ఆ భాషయు క్రొత్తయే. ఇంగ్లీషు మిషనరీకి అది యెంత పరదేశమో తమిళునికిని ఇంచుమించుగా నంతే.

ఇతరులను పంపుచు తాము పట్టణమున నుండుట అజరయ్యగారి మనస్సాక్షికి సరిపడలేదు. 1909లో వారు పేరుప్రతిష్ఠలు గల ఉద్యోగమును విడిచి, గురుపట్టము పొంది, భార్యాబిడ్డలతో దోర్నకల్ చేరిరి. అప్పటికి వారి వయసు ముప్పదియైదు. ఆ వయసున తెలుగు నేర్చుకొనసాగిరి. పరభాష నేర్చుకొనువాడు కొంతకాలము పసిబిడ్డవలె మాటలాడవలెను, పదిమందియు నవ్వుచుండగా తప్పులు దిద్దుకొనవలెను. పెద్దసభలలో ఆంగ్లమున ధారాళముగా ప్రసంగించిన మనుష్యుడు పల్లెటూరి కూలివాని యెదుట ఇట్లు తన్ను తగ్గించుకొనెను. వారి బిషప్పు పదవికి మొదటిమెట్టు కలకత్తాలో కాక ఇక్కడనే పడెనని మా యభిప్రాయము.

ఎడింబరో సభ

1910 జూను నెలలో స్కాట్లాండు దేశపు ఎడింబరో పట్టణమున ప్రపంచ మిషనరీ మహాసభ జరిగెను. సుమారు 1200 మంది ప్రతినిధులు కూడిరి. వారిలో ఆసియావాసులు మిక్కిలి కొలదిమంది. పరదేశి సేవకులకును స్వదేశి సేవకులకును మధ్య సహకారమను విషయమును గూర్చి మాటలాడుటకు అజరయ్యగారిని నిలిపిరి. వారు మిషనరీల త్యాగమును మెచ్చుకొనిరి. వారు బీదలకిచ్చిన ధనమును, దేశమునకై యర్పించిన ప్రాణములను తక్కువచేసి పలుకలేదు. గాని, ఇన్ని యిచ్చినవారు స్నేహమును మాత్రము ఇచ్చుట మఱచిరని నిర్భయముగా చెప్పిరి. ఒకే సంఘమున పనిచేయు తెల్లవారును భారతీయులును ఒకరి యింట నొకరు భుజింపకుండుట, యజమానుడును పనివాడును వలె మెలగుట వారికి బాధ కలిగించెను. తమకు కావలసినది స్నేహితులే యని వేడుకొని ప్రసంగమును ముగించిరి. సభలో కొందరికి కోపము వచ్చెను. మఱికొందరు తలలు వంచుకొనిరి. నూఱేండ్లు దాటినను మిషను చరిత్ర వ్రాయువారు ఆ ప్రసంగమును ప్రస్తావింపక మానరు.

నమ్మవచ్చునా?

మద్రాసు బిషప్పు హెన్రీ వైట్‌హెడ్డుగారు అజరయ్యగారిని బిషప్పుగా చేయవలెనని ఉద్దేశించిరి. వెంటనే ఆక్షేపణలు బయలుదేరెను. ఇంగ్లీషు గురువులు భారతీయుని యధికారమునకు లోబడుదురా యని కొందరు. ధనమును పాలనను భారతీయునికి అప్పగింపవచ్చునా యని కొందరు. మన దేశీయులలోనే, ఆయన కులమును తలపెట్టి అసూయపడినవారును లేకపోలేదు.

ఈ సందేహమునకు వెనుక ఒక కథ యున్నది. ఆఫ్రికాఖండమున శామ్యూల్ క్రౌథరు అను నల్లజాతివాడు బాల్యమున బానిసగా అమ్మబడి, ఇంగ్లీషు ఓడవారిచేత విడిపింపబడి, విద్వాంసుడై, 1864లో ఆంగ్లికన్ బిషప్పాయెను. ఆయన ముసలితనమున, క్రొత్తగా వచ్చిన యౌవనులైన ఐరోపా మిషనరీలు ఆయన పనిలో తప్పులెన్ని, ఆయన సహాయకులను తొలగించి, ఆయన మనస్సును నొప్పించిరి. 1891లో ఆయన చనిపోగా ఆ పదవిని ఐరోపీయునికే యిచ్చిరి. నల్లవారు పాలనకు తగరనుటకు దీనిని దృష్టాంతముగా చూపువారు అనేకులు. ఇట్టి వాతావరణమున అజరయ్యగారు తప్పటడుగు వేసినయెడల, అది ఒక మనుష్యుని తప్పుగా గాక ఒక జాతి అయోగ్యతగా లెక్కింపబడియుండెడిది. తెల్లవాడు తప్పుచేసిన అతనిపేరు చెప్పుదురు. నల్లవాడు తప్పుచేసిన అతని జాతిపేరు చెప్పుదురు. వారు మోసిన భారము ఇదియే.

1912 డిసెంబరు 29వ తేదీన కలకత్తాలోని పరిశుద్ధ పౌలు మహాదేవాలయమున వారికి బిషప్పు అభిషేకము జరిగెను. ప్రధాన బిషప్పు కాపిల్‌స్టన్‌గారును ఇతర బిషప్పులును వారి తలపై చేతులుంచిరి. దోర్నకల్ అధ్యక్షఖండము మొదట చిన్నది. ఏండ్లు గడచిన కొలది కృష్ణా మండలపు సంఘములును, మన రాయలసీమలోని నంద్యాల ప్రాంతపు సంఘములును దానిలో చేర్చబడెను. అందుమూలమున ఇంగ్లీషు గురువులును భారతీయుడైన బిషప్పు క్రింద పనిచేయుట సంభవించెను. ఆకాశము విఱిగిపడలేదు. అయినను ఇంకొక సంగతి చెప్పక తప్పదు. అజరయ్యగారు జీవించియున్న ముప్పదిరెండేండ్లలో, భారతదేశమున మఱియొక అధ్యక్షఖండమును భారతీయుని చేతికి ఆంగ్లికన్ సంఘము అప్పగింపలేదు. ఒకరిని నమ్ముట యొకటి, ఒక జాతిని నమ్ముట మఱియొకటి.

పల్లెలలోని పని

వారి దినచర్య యంతయు పల్లెలలోనే. ఎడ్లబండి మీదను, బైసికిలు మీదను, కాలినడకను గ్రామములు తిరిగెడివారు. కూలిజనులు పొలముల నుండి వచ్చి, గంజి త్రాగి, దీపము వెలిగించిన పిమ్మట ఆరాధన జరుగును. చదువురానివారికి పాటలద్వారా వేదపాఠము నేర్పవలెను. కోలాటము, నాటకము, తెలుగు కీర్తన - ఇవి మన దేశపు సొత్తు గనుక దేవుని స్తుతికి వానిని వాడుకొనవలెనని వారు ప్రోత్సహించిరి. సారాయి, అప్పు, మురికి, రోగము అను నాలుగు శత్రువులతో యుద్ధము చేయవలెనని బోధించిరి. బాప్తిస్మము పొందిన ప్రతివాడును సువార్తికుడే యని ఒప్పించిరి. మాలలు మాదిగలతోను, మాదిగలు మాలలతోను కలిసి ప్రభువు బల్లయొద్దకు రాననినచోట వారు ఎంతమాత్రము రాజీపడలేదు.

ఈ పనికి చేతులు కాళ్లు గ్రామోపాధ్యాయులే. పగలు పిల్లలకు అక్షరములు దిద్దించుట, రాత్రి పెద్దలకు ఆరాధన నడుపుట, ఉత్తరములు చదివిపెట్టుట, తగవులు తీర్చుట, జ్వరము వచ్చినవానికి మందు పోయుట - అన్నియు ఆ యుపాధ్యాయుని పనులే. బోధనాభ్యసన కళాశాలలో శిక్షణ పొందిన మావంటివారు ఆ గ్రామోపాధ్యాయుల పేరులు తెలియకయే వారి పునాదిమీద నిలిచియున్నాము. అజరయ్యగారు గతించునాటికి ఆ యధ్యక్షఖండమున క్రైస్తవుల సంఖ్య రెండు లక్షలకు మించెను. భారతీయ గురువుల సంఖ్య నూటికి మించెను.

ఇంతమంది గురువులను పోషించుటెట్లు? ఇక్కడ వారి రెండవ గొప్పతనము కానవచ్చును. బీదవాడు పుచ్చుకొనుటకే పుట్టెనను అభిప్రాయమును వారు ఒప్పుకొనలేదు. వంటకు బియ్యము కొలుచుకొనునప్పుడు ఇల్లాలు ఒక పిడికెడు తీసి వేఱొక కుండలో వేయును. ఆదివారమున అది దేవాలయమునకు చేరును. కోతల కాలమున ధాన్యము, కోళ్లు, గ్రుడ్లు, గుమ్మడికాయలు పీఠము ముందర కుప్పలుపడును. పిడికెడు బియ్యము విలువ స్వల్పమే. గాని నిన్నటివరకు ఊరివెలుపల నిలిచి చేయిచాపిన మనుష్యుడు నేడు ఇచ్చువాడై నిలుచుట స్వల్పము కాదు. క్రైస్తవ దానమును గూర్చి వారు ఆంగ్లమున వ్రాసిన గ్రంథము పలుభాషలలోనికి తర్జుమా చేయబడినది.

దోర్నకల్ మహాదేవాలయము కూడ ఇట్టి ఓపికతోనే లేచినది. అనేక సంవత్సరముల పని పిమ్మట 1939 జనవరి 6వ తేదీన అది ప్రతిష్ఠింపబడెను. దాని గుమ్మటములును మినారులును మహమ్మదీయ కట్టడములను, రాతిస్తంభములు హిందూ దేవాలయములను జ్ఞప్తికి తెచ్చును. ఇంగ్లాండు దేశపు కోసుగోపురమును ఇక్కడ దించిపెట్టక, ఈ నేల శిల్పులకు తెలిసిన రీతినే క్రీస్తుకర్పించిరి.

గాంధీగారితో భేదాభిప్రాయము

1930వ దశకమున పల్లెలకు పల్లెలు మతము మారుటను గాంధీమహాత్ముడు ఖండించెను. నిరుపేదలు తెలిసి మతము మారుటలేదని ఆయన వాదము. అజరయ్యగారు దానికి ఒప్పుకొనలేదు. బీదవానికిని మనస్సాక్షి కలదు. తన మేలుకీడులు తాను ఎంచుకొను హక్కు అతనికిని కలదు. మాల మాదిగల నడవడిలో కలిగిన మార్పును చూచి కొందరు రైతుకులములవారును సంఘమున చేరుచుండుట వారు సాక్ష్యముగా చూపిరి. అట్లని వారు దేశమునకు పరాయివారు కారు. క్రైస్తవులకు శాసనసభలలో ప్రత్యేక నియోజకవర్గములు వలదని, అవి తమవారిని ఇతర దేశీయులనుండి వేఱుచేయునని వారు గట్టిగా వాదించిరి. తమ సమాజమునకు వచ్చు లాభమును తామే వలదనువారు అరుదు. ఇద్దఱు మహనీయులు దేశమును ప్రేమించుచునే యొక విషయమున ఏకీభవింపకపోవచ్చునని దీనివలన మనము నేర్చుకొనవచ్చును.

ఐక్యత

మన ప్రాంతమునే చూడుడు. సూళ్లూరుపేట నాయుడుపేటల వైపు జర్మనీనుండి వచ్చిన లూథరన్ మిషను, నెల్లూరు వైపు అమెరికా బాప్టిస్టు మిషను, చిత్తూరు మదనపల్లెల వైపు ఆర్కాటు మిషను పనిచేసెను. ఏ దేశపు మిషనరీ ముందు వచ్చిన ఆ దేశపు పేరు మన పల్లెవానికి అంటుకొనెను. ఆ విభాగములు మనము చేసికొన్నవి కావు.

1919 మే నెలలో తరంగంబాడిలో ముప్పదిమూడుగురు సేవకులు కూడిరి. ఇద్దఱు తప్ప అందఱును భారతీయులే. అజరయ్యగారు వారిలో ముఖ్యులు. పరదేశపు పాతతగవులచేత పుట్టిన భేదములను విడిచి ఒకే సంఘము కావలెనని వారు పిలుపునిచ్చిరి. తరువాత ఇరువదియెనిమిదేండ్లు చర్చలు సాగెను. 1947 సెప్టెంబరు 27వ తేదీన మద్రాసులో దక్షిణ ఇండియా సంఘము అవతరించి, ఆంగ్లికనులు, మెథడిస్టులు, ఆర్కాటు మిషను సంఘములు చేరియున్న దక్షిణ ఇండియా ఐక్యసంఘము ఏకమయ్యెను. ఆ దినమును చూచుటకు అజరయ్యగారు లేరు. 1945 జనవరి 1వ తేదీన వారు దోర్నకల్‌లోనే ప్రభువునందు నిద్రించిరి.

మనకు పాఠము

భారతీయుని బిషప్పుగా చేయవచ్చునా యని సందేహించిన ఆ ఇంగ్లాండు సంఘమే నేడు తన పంచాంగమున జనవరి 2వ తేదీని అజరయ్యగారి జ్ఞాపకదినముగా ఉంచుకొన్నది. వాదములచేత వారు ఈ గౌరవమును సంపాదింపలేదు. నమ్మనివారి యెదుట నమ్మదగిన పని చేసిరి. తమకు అధికారము దొరకిన వెంటనే దానిని తమచేతిలో దాచుకొనక, మాల మాదిగ పల్లెలలోని యువకులకు పట్టమిచ్చి పంచిపెట్టిరి. తెల్లవారు తమ్మును నమ్మవలెనని కోరిన మనుష్యుడు, తనకంటె క్రిందివారని లోకము చెప్పినవారిని తాను నమ్మెను. ఈ రెండవది చేయనివాని నోట మొదటి కోరిక శోభింపదు.

విద్యార్థులారా, మీలో కొందరు ముందు అధికారులు కావచ్చును. మీ పొరుగువాని భాష నేర్చుకొనుట తక్కువతనమని తలపకుడు. మీ కులము చెప్పి మిమ్ము త్రోసివేసినవారిని నిందించుటకు ముందు, మీరు ఎవరిని త్రోసివేయుచున్నారో చూచుకొనుడు. భోజనశాలలో మీ ప్రక్కను ఖాళీగానున్న చోటు ఎవరికొఱకు ఖాళీగానున్నదో ఆలోచింపుడు. స్నేహితులు కావలెనని అజరయ్యగారు ఎడింబరోలో చేసిన విన్నపమునకు మన పాఠశాలలోనే మనము బదులు చెప్పగలము.